సమ్మర్ క్యాంపులో రాత్రయితే ఏడ్చే బాబు, ఏం చేయాలి?

ఒంగోలు దగ్గర కొత్తపట్నం వైపు, పిల్లలు రాత్రిళ్లు కూడా ఉండే సమ్మర్ క్యాంపులో కౌన్సెలర్‌గా చేస్తున్నాను. నా గదిలో 8 ఏళ్ల బాబు ఒకడున్నాడు. పగలంతా హుషారే. ఎండ తగ్గాక కబడ్డీలో ముందు కూతకెళ్లేది వాడే. మొన్న బొంగరానికి తాడు ఎలా చుట్టాలో నా వేళ్లు పట్టుకుని మరీ నేర్పాడు (ఈ పనిలో జీతం కంటే ఇదే గిట్టుబాటు).

రాత్రి 9.30కి లైట్లు ఆర్పగానే మొదలు. కడుపునొప్పి, వెక్కిళ్లు, అమ్మ కావాలని ఏడుపు. 11 దాకా ఆగడు. వాణ్ని చూసి పక్క మంచాల వాళ్లూ అందుకుంటున్నారు.

డాక్టరుకు చూపిస్తే ఏమీ లేదన్నారు. పడుకునే ముందు వాళ్లమ్మతో ఫోన్‌లో మాట్లాడిస్తే ఏడుపు ఇంకా పెరిగింది. కథలు చెప్పాను, చిన్న లైటు వేసి ఉంచాను. వాళ్ల ఊరి స్నేహితుడి పక్కకి మంచం మారిస్తే ఆ పిల్లాడికీ నిద్ర లేకుండా పోయింది, అంతే.

క్యాంపు ఇంకో వారం ఉంది. ఇంటికి పంపేయమని తోటివాళ్లు అంటున్నారు గానీ, పగలు వాణ్ని చూస్తే మనసొప్పడం లేదు. ఇలాంటి పిల్లల్ని చూసుకున్నవాళ్లు చెప్పండి: అమ్మతో ఫోన్ మధ్యాహ్నానికి మార్చాలా, లేక పూర్తిగా ఆపేయాలా?