1875 నాటి జూల్ వెర్న్ సంపుటం: మళ్ళీ బైండింగ్ చేయించాలా, వద్దా?

కోఠి కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఇంజనీరింగ్ గైడ్ల కింద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం దొరికింది. జూల్ వెర్న్ 'ది సీక్రెట్ ఆఫ్ ది ఐలండ్'. 'మిస్టీరియస్ ఐలండ్' నవల ఇంగ్లీషులో మూడు సంపుటాలుగా వచ్చింది కదా, అందులో మూడోది. టైటిల్ పేజీ మీద లండన్, 1875 అని ఉంది. బేరమాడితే 150కి ఇచ్చాడు.

పరిస్థితి ఇదీ: ముందు అట్ట ఊడిపోయి రెండు దారాల మీద వేలాడుతోంది. వీపు మీది గుడ్డ పైన చిరిగింది. లోపల కుట్టు గట్టిగానే ఉంది. ఫెరా గీసిన బొమ్మలున్నాయి. మూడు వైపులా కాగితం అంచులకు బంగారు పూత ఉంది, కాస్త వెలిసింది. మా వీధిలో బైండింగ్ చేసే పెద్దాయన పాత అట్ట తీసేసి రెక్సిన్ వేసి, వీపు మీద బంగారు అక్షరాలు కొట్టి 400కి చేసిస్తానంటున్నాడు. ఇవ్వమంటారా?

బీరువా:
ఇవ్వొద్దు. దయచేసి ఇవ్వొద్దు.

నేను లైబ్రేరియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మన దగ్గర బైండింగ్ అంటే ఏం చేస్తారో నాకు తెలుసు. పాత కుట్టు తెంపి అంచుల దగ్గర పక్కకుట్టు వేస్తారు. ఇక పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. తర్వాత మూడు వైపులా కటింగ్ మెషీన్‌లో పెట్టి కోస్తారు. మీరు చెప్పిన బంగారు పూత అక్కడే పోతుంది, దాంతోపాటు మార్జినూ పోతుంది. చివరికి మైదా జిగురులో మైలుతుత్తం కలిపి పూస్తారు. అసలు అట్ట చెత్తబుట్టలోకి వెళ్తుంది. 1875 పుస్తకానికి 1875 అట్టే సగం సాక్ష్యం. కుట్టు గట్టిగా ఉందని మీరే అంటున్నారు. మరి బాగు చేయడానికి అక్కడేముంది?

లక్ష్మి తెనాలి:
మా నాన్నగారి పుస్తకాలన్నీ మా ఊరి బైండరే కాలికో గుడ్డ వేసి కట్టాడు. నేను చదివాను, మా పిల్లలు చదివారు, ఒక్క కాగితం ఊడలేదు. అట్ట ఊడిన పుస్తకాన్ని అలాగే ఉంచితే పనిమనిషి చేతిలోనో, పురుగు నోట్లోనో పడుతుంది. పుస్తకం చదవడానికి కాక ఇంకెందుకండీ?

మూడో అట్ట:
టైటిల్ పేజీ మీద ప్రచురణకర్తల పేరు పూర్తిగా రాయండి. రివింగ్టన్ అన్న పేరు ఉందా, లేదా?

చందు99:
అట్ట మెరిసే ఆకుపచ్చ రంగైతే జాగ్రత్త అన్నా. 19వ శతాబ్దంలో కొన్ని పచ్చ గుడ్డలకు ఆర్సెనిక్ రంగు వాడారు. చేతులు కడుక్కో.

కోఠి కుర్రాడు:
పచ్చ కాదు, గోధుమ రంగు.

నాటిలస్:
నేను ఫ్రాన్స్‌లో, లియాన్‌లో ఉంటాను. వెర్న్ పుస్తకాలే సేకరిస్తాను. కాబట్టి ఉన్నమాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. అట్ట సంగతి తర్వాత, అసలు ఈ సంపుటం కోసం అంత మథనపడాల్సిన పని లేదు.

ఇది డబ్ల్యూ.హెచ్.జి. కింగ్‌స్టన్ పేరుతో వచ్చిన అనువాదం. చేసింది ఆయన భార్య ఆగ్నెస్ అని ఇప్పుడు పరిశోధకులు అంటున్నారు. ఎవరు చేసినా, మనవాళ్ళు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మూడో సంపుటంలోనే, నాటిలస్ అనే జలాంతర్గామిని నడిపే కెప్టెన్ నెమో అసలు ఎవరో బయటపడుతుంది. బుందేల్‌ఖండ్ రాజా కొడుకు, ప్రిన్స్ దక్కర్. మొదట నెమోని పోలెండు దేశస్థుడిగా చేద్దామని వెర్న్ అనుకున్నాడు. రష్యాలో అమ్మకాలు పోతాయని ప్రచురణకర్త హెట్జెల్ ఒప్పుకోలేదు. చివరికి మన దేశం వాడయ్యాడు. ఫ్రెంచి మూలంలో 1857 తిరుగుబాటుకు ప్రాణం ఈ దక్కరే. న్యాయం మరోసారి బలం ముందు ఓడిందని వెర్న్ స్పష్టంగా రాశాడు. లండన్ ప్రతిలో ఆ భాగం తారుమారైంది. అరాచకంలో ఉన్న దేశానికి ఇంగ్లీషువాళ్ళు శాంతి, సంపద తెచ్చారట. అజ్ఞానం, మూఢనమ్మకాల వల్ల జనం నాయకుల చేతిలో కీలుబొమ్మలై తిరగబడ్డారట. వెర్న్ రాయని మాటలు వెర్న్ పేరు మీద అచ్చయ్యాయి.

కొనాలంటే హెట్జెల్ ప్రతి కొనండి. పారిస్, రూ జాకబ్, 1875.

బీరువా:
అడిగింది బైండింగ్ గురించి. మీరు అనువాదం దగ్గరికి పోయారు.

నాటిలస్:
దేన్ని కాపాడాలో తేలకుండా ఎలా కాపాడాలో మాట్లాడుకుని ఏం లాభం సార్?

బీరువా:
సరే, అక్కడికే వస్తాను. హెట్జెల్ ప్రతుల్లోనూ నిజమైన మొదటి ముద్రణ బొమ్మల్లేని చిన్న సైజు సంపుటాలే కదా? బొమ్మలున్న పెద్ద సైజు ఆ తర్వాత వచ్చింది. సేకర్తలు మాత్రం ఎర్ర గుడ్డ, బంగారు ముద్రలున్న పెద్ద పుస్తకాలకే ఎగబడతారు. రెండు ఏనుగుల అట్ట, భూగోళం అట్ట అని అట్టల పేర్లతో బేరాలు సాగుతాయి. అదే పాఠం, రంగు వెలిసిందంటే ధర పడిపోతుంది. మీ సేకరణ వెర్న్ మాటల కోసమా, అట్టల కోసమా? మాటలే ముఖ్యమైతే ఇవాళ అచ్చులో ఉన్న ఫ్రెంచి పేపర్‌బ్యాక్ సరిపోతుంది.

నాటిలస్:
అట్టల మోసం నాకు తెలిసినంతగా మీకు తెలియదు. ఒక అమ్మకందారు దగ్గర 'మొదటి ముద్రణ' అని నమ్మి ఒక హెట్జెల్ కొన్నాను. హెట్జెల్ బొమ్మల ప్రతుల మీద చాలాసార్లు సంవత్సరం ఉండదు. చివర కుట్టిన కేటలాగ్ చూసో, అట్ట తీరు చూసో కాలం పట్టుకోవాలి. ఇంటికొచ్చాక చూస్తే అట్ట ఒక కాలానిది, లోపలి కాగితాలు చాలా ఏళ్ళ తర్వాతివి. రెండు ప్రతులు కలిపి ఒకటి చేశారు. వీపు లోపల కొత్త జిగురు తెల్లగా కనబడింది. డబ్బు వెనక్కి రాలేదు. అందుకే చెప్తున్నాను, అట్టను దేవుణ్ణి చేయకండి.

లక్ష్మి తెనాలి:
నేనన్నదీ అదే కదా. కొత్త అట్ట వేస్తే తప్పేంటి?

బీరువా:
అమ్మా, ఆయన చెప్పింది దానికి పూర్తిగా ఉల్టా. పాత అట్టను మార్చేసి మోసం చేశారనే ఆయన గోల.

మూడో అట్ట:
రివింగ్టన్ సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ పుస్తకం అచ్చేసిన లండన్ ప్రచురణ సంస్థ 'శాంసన్ లో' (Sampson Low). దాని భాగస్వాములు మారినప్పుడల్లా పేరు మారింది. 'లో, మార్‌స్టన్, లో అండ్ సెర్ల్' అని ఉంటే ముందరి ప్రతి. సెర్ల్ పక్కన రివింగ్టన్ చేరితే తర్వాతిది. ఇది తేలకుండా ఇన్ని మాటలెందుకు?

కోఠి కుర్రాడు:
రివింగ్టన్ లేదండీ. 'లో, మార్‌స్టన్, లో అండ్ సెర్ల్' అనే ఉంది.

నాటిలస్ గారు చెప్పిన భాగం ఇప్పుడే తీసి చూశాను. నిజమే, ఇంగ్లీషువాళ్ళు శాంతి తెచ్చారని ఉంది. కానీ ఆ పేరా పక్కన మార్జిన్‌లో ఎవరో పెన్సిల్‌తో నిలువుగా గీత గీసి తెలుగులో "అబద్ధము" అని రాశారు. పాతకాలం దస్తూరీ. ము కొమ్ము సరిగ్గా కాగితం అంచు దాకా సాగింది. ఆ పేజీ ఫోటో పెడుతున్నాను.

సుధ:
చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తోంది.

చందు99:
బైండింగ్‌కి ఇచ్చి ఉంటే ఆ కొమ్ము పోయేది అన్నా.

నాటిలస్:
ఆ మనిషి ఫ్రెంచి చూసి ఉండకపోవచ్చు. వెర్న్ రాయని ముక్కనే సరిగ్గా పట్టుకున్నాడు. ఈ ప్రతి గురించి నా లెక్క వేరు ఇప్పుడు. కోఠి కుర్రాడు గారూ, అమ్మే ఆలోచన ఉంటే నాకు చెప్పండి. న్యాయమైన ధర ఇస్తాను.

బీరువా:
అరగంట క్రితం దీని కోసం మథనపడొద్దన్నారు, ఇప్పుడు కొంటానంటున్నారు. ఉండండి. ఆ ఫోటోలో పేజీ అడుగున ఊదారంగు ముద్ర కనబడుతోంది. కోడిగుడ్డు ఆకారంలో. అదేమిటి?

కోఠి కుర్రాడు:
లైబ్రరీ ముద్రండీ. ఏదో రీడింగ్ రూమ్. ఊరి పేరు సగమే పడింది, కోస్తా జిల్లా ఊరిలా ఉంది.

బీరువా:
దాని మీద 'తొలగించబడినది' అన్న ముద్ర ఉందా? చేతిరాతతో నంబరు కొట్టేసిన గుర్తు?

కోఠి కుర్రాడు:
లేదు.

బీరువా:
అయితే ఇది మీ పుస్తకం కాదు. నాటిలస్ గారు కొనగలిగేదీ కాదు. లైబ్రరీ సొత్తు.

కోఠి కుర్రాడు:
అంటే నేను దొంగనా? డబ్బిచ్చి ఫుట్‌పాత్ మీద కొన్నాను. కాగితాల గోడౌన్ నుంచి మూటగా వచ్చిందని షాపాయన చెప్పాడు. నేను తీసుకోకపోతే ఈపాటికి అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఉండేది.

నాటిలస్:
సార్, మరీ ఎక్కువ చేస్తున్నారు. కుర్రాడు పుస్తకాన్ని చావు నుంచి తప్పిస్తే దొంగసొత్తు అంటారా? ఆ లైబ్రరీకి తిరిగిస్తే ఏం చేస్తారు? మళ్ళీ తూకానికేస్తారు. లండన్, పారిస్ సేకర్తల ఇళ్ళలో ఉన్నవే బతికాయి. మన లైబ్రరీల్లో ఉన్నవి చెద తిన్నాయి.

బీరువా:
చెద తినలేదు, తినిపించారు. చెప్తాను వినండి.

నేను పనిచేసిన చోట ఒక గది నిండా పాత ఇంగ్లీషు నవలలు ఉండేవి. బ్రిటిష్ వాళ్ళు ఇక్కడ అమ్మకానికి పంపిన కలోనియల్ ఎడిషన్లు ఎన్నో. ఇండియాలోనూ కాలనీల్లోనూ మాత్రమే అమ్మాలని మీద అచ్చువేసి పంపేవారు. మాక్‌మిలన్ కలోనియల్ లైబ్రరీ 1886లో మొదలైంది, ఆ వరుసలో చాలా ఉండేవి. హాగర్డ్ 'కింగ్ సాలమన్స్ మైన్స్' పాత ప్రతి ఒకటి ఉండేది. మొదట్లో అందులో సూర్యగ్రహణం, తర్వాతి ముద్రణల్లో దాన్ని చంద్రగ్రహణం చేశారు. మా ప్రతిలో సూర్యగ్రహణమే. పిల్లలకు రెండూ పక్కపక్కన పెట్టి చూపించేవాణ్ణి. కొత్త ర్యాకులకు చోటు కావాలని పైనుంచి ఆర్డరొచ్చింది. నేను రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాను. సెలవులో ఉన్నప్పుడు లారీ వచ్చింది. తిరిగొచ్చేసరికి గది ఖాళీ. గోడకు అట్టల రంగులు అంటి ఉన్నాయి.

ఆ తర్వాత అందులోవి రెండు ఒక సేకర్త ఇంట్లో అద్దాల బీరువాలో చూశాను. మా ముద్రతో సహా. చూస్తాను, తీయండి అంటే చేతి చెమట అంటుతుందన్నాడు. నేను వందల మంది చేతుల్లో పెట్టిన పుస్తకం అది. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది, పాత పత్రికలు ఇప్పటికీ అక్కడ చదువుకోవచ్చు. మనవాళ్ళకు చేతకాదనకండి. చేసేవాళ్ళు చేశారు.

నాటిలస్:
మీ బాధ అర్థమైంది. కానీ నేను పుస్తకాలకు తాళం వేయను. అడిగినవాళ్ళకు స్కాన్ పంపుతాను. సొంతంగా కొనుక్కుంటే కాపాడతాం, అందరిదీ అయితే ఎవరూ కాపాడరు. ఇన్నేళ్ళుగా నేను చూసింది అదే.

బీరువా:
మొదటి నుంచీ మనిద్దరికీ తేడా ఇక్కడే ఉంది. అట్ట గురించీ కాదు, అనువాదం గురించీ కాదు. "అబద్ధము" అని రాసినాయన పుస్తకం కొనుక్కున్నాడా? రీడింగ్ రూమ్ బెంచీ మీద కూర్చుని రాశాడు. కొనే తాహతు లేని మనిషికి 1875 లండన్ పుస్తకం చేతికి అందింది కాబట్టే రాశాడు. దాన్ని లియాన్ తీసుకెళ్తే ఆ పేజీ మీకు దొరుకుతుంది, ఆ ఊరికి దొరకదు.

లక్ష్మి తెనాలి:
లైబ్రరీ పుస్తకం మీద పెన్సిల్‌తో రాయడం కూడా తప్పే కదండీ మాస్టారూ.

బీరువా:
తప్పే. నేనుంటే జరిమానా వేసేవాణ్ణి. చెరిపేవాణ్ణి మాత్రం కాదు.

నాటిలస్:
ఆ ఊళ్ళో అసలు లైబ్రరీ ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే, పుస్తకాన్ని ఫ్యాను కిందో ఎండలోనో పెట్టకుండా చూసుకునే మనిషి ఉన్నాడో లేదో కనుక్కోండి. లేకపోతే నా మాట మీద నిలబడతాను. కొనడానికే అడుగుతాను.

సుధ:
ముద్ర ఫోటో కాస్త దగ్గరగా తీసి పెట్టండి. మా అమ్మమ్మగారిది అటువైపే, అక్షరాలు పోల్చి చూస్తాను.

కోఠి కుర్రాడు:
పెట్టాను సుధ గారూ. బైండింగ్‌కి ఇవ్వట్లేదు, పెద్దాయనకు చెప్పేశాను. బీరువా గారూ, నన్ను దొంగ అన్నట్టు మాట్లాడినందుకు నాకింకా కోపంగానే ఉంది, అయినా అడుగుతున్నాను. ప్రస్తుతానికి దీన్ని ఎలా ఉంచాలి? అట్ట వేలాడుతోంది.

బీరువా:
సెల్లోటేప్ దగ్గరికి కూడా రానివ్వకండి. రబ్బరు బ్యాండు వద్దు, కోసుకుపోతుంది. వెడల్పాటి నూలు నాడాతో అట్టను పుస్తకానికి కలిపి వదులుగా కట్టండి, ముడి అంచువైపు రావాలి. ఆసిడ్ లేని అట్టతో కొలతకు పెట్టె చేయించి అందులో పడుకోబెట్టండి, నిలబెట్టకండి. వానాకాలం గోడకు ఆనించి ఉంచొద్దు. అట్ట అతికించడం తర్వాత చూద్దాం. గోధుమ గంజి జిగురు, జపాన్ టిష్యూ అనే పలచటి గట్టి కాగితంతో చేసేవాళ్ళున్నారు. పాత గుడ్డ అలాగే ఉంటుంది, కావాలంటే విప్పుకోవచ్చు కూడా. ముద్ర ఏ ఊరిదో తేలాక అక్కడికి నేనే ఫోన్ చేస్తాను.

నాటిలస్:
పెట్టె ఖర్చు నాది. కొనుగోలుకు అడ్వాన్సు అనుకోకండి.

మూడో అట్ట:
చివర ప్రచురణకర్తల కేటలాగ్ కుట్టి ఉందా? ఉంటే దాని మీద నెల, సంవత్సరం వేసి ఉండొచ్చు. 1875 తర్వాతిదైతే కాగితాలు ముందు అచ్చై, అట్ట తర్వాత వేసినట్టు. ఆ పేజీ కూడా ఫోటో తీయండి.