34 ఏళ్లకే గర్భసంచి తీయించాలా?

ప్రశ్న: ఖమ్మం దగ్గర పల్లెలో ఉండే మా వదినకు నెలసరి వారం దాటినా ఆగడం లేదు. స్కానింగ్‌లో చిన్న ఫైబ్రాయిడ్ (గర్భసంచిలో పెరిగే గడ్డ) కనిపించింది. "పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీసేద్దాం, లేకపోతే క్యాన్సర్ రావచ్చు" అన్నారు డాక్టరు. ఇంట్లో అందరికీ టెన్షన్. మా వీధిలో చాలామందికి ఈ ఆపరేషన్ అయింది. ఇది మామూలేనా?

జవాబు: మా అమ్మకీ 38కే తీశారు. నొప్పి పోయింది, బాగానే ఉంది. ఎందుకంత ఆలోచన?

జవాబు: మామూలు కాదమ్మా, మన దగ్గర మామూలైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లను అడిగితే, దేశం మొత్తంలో నూటికి 3.2 మందికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. జబ్బులు మన సరిహద్దులు చూసుకుని రావు కదా! స్టాఫ్‌నర్సుగా రిటైరయ్యాను, తెల్లబట్టకు కూడా తీసేసిన కేసులు చూశాను. ఫైబ్రాయిడ్ క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. మాత్రలున్నాయి, రక్తస్రావం తగ్గించడానికి గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ ఉంది. ఆపరేషన్ తప్పదంటే అండాశయాలు ఉంచుతారా అని గట్టిగా అడగండి. ఈ వయసులో అవీ తీసేస్తే ఎముకలకూ గుండెకూ ముప్పు పెరుగుతుంది.

ప్రశ్న అడిగినావిడ: అండాశయాల సంగతి మాకెవరూ చెప్పలేదండీ. రిపోర్టులు పట్టుకెళ్లి వరంగల్‌లో ఇంకో డాక్టరుకు చూపిస్తాం.