చెట్లు కొట్టే పనికి కాలి స్పైక్స్: ఏ రకం తీసుకోవాలి?

రాజోలు_తోట:
పిడుగు పడి మోడైన కొబ్బరి చెట్లు మా దొడ్లో మూడున్నాయి. ఒకపక్క పెంకుటిల్లు, ఇంకోపక్క కరెంటు తీగలు. మొదలు దగ్గర నరికి పడేసే వీల్లేదు, ఎక్కి పైనుంచి ముక్కలుగా దించాలి. కాలికి కట్టుకుని ఎక్కే ముళ్లు ఉంటాయి కదా, ఆ స్పైక్స్‌లో స్తంభం (పోల్) ఎక్కడానికి వేరు, చెట్టుకి వేరు అంటున్నారు. ఏవి కొనమంటారు? తర్వాత కాయల దింపులకి కూడా పనికొస్తాయా?

విశాఖ_రంపం:
2014లో హుద్‌హుద్ తుఫాను తర్వాత నుంచి ఇదే నా పని. పోల్ ముల్లు ఒకటిన్నర అంగుళం పైచిలుకు, చెట్టు ముల్లు రెండున్నర దాటుతుంది. వేప, మామిడి లాంటి మందపాటి బెరడుకి పొడవుదే కావాలి. పొట్టిది బెరడులోనే ఆగిపోయి, బరువు వేయగానే బెరడుతో సహా ఊడొస్తుంది.

ముల్లు ఒక్కటే చూసి కొనకండి, కాలికి వేసుకుని చూడండి. కాలి పక్కన ఉండే కడ్డీ పొడవెక్కువైతే మోకాలి వెనక ఒత్తుకుంటుంది, తక్కువైతే పిక్క మీద భారమంతా పడుతుంది. మడమ ఉన్న గట్టి బూటు తప్పనిసరి. ఎక్కేటప్పుడు భయంతో మానుని కావలించుకోవద్దు. మోకాలు మానుకి ఆనితే ముల్లు దిగే కోణం తగ్గి, కాలు సర్రున జారుతుంది. మోకాళ్లు ఎడంగా పెట్టి, నడుం బెల్టు మీద వెనక్కి వాలాలి.

మొద్దుబారితే ఆకురాయితో చేత్తోనే సానపట్టండి. గ్రైండర్ వేడికి ఉక్కు మెత్తబడిపోతుంది.

అమలాపురం_దింపు:
బతికున్న కొబ్బరి చెట్టుకి మాత్రం స్పైక్స్ వద్దండి, దండం పెడతాను. వేప మాను గాయం ఏళ్ల మీద పూడుతుంది, కొబ్బరి మానుకి పడ్డ బెజ్జం ఎప్పటికీ పూడదు. ఆ గాయాల్లోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. మానులోంచి గోధుమరంగు జిగురు కారుతూ, బెజ్జం దగ్గర నమిలిన పీచు కనిపించిందంటే లోపల పిల్లపురుగులు తొలిచేస్తున్నట్టే. చెట్టు ఎక్కే మిషన్లు దొరుకుతున్నాయి, దింపులకి అవి వాడండి.

నల్గొండ_మోకు:
మా ఇంట్లో అందరం గీత కార్మికులమే. తాడికి మోకు, ముస్తాదు అనే మా తాళ్ల సరంజామాతోనే ఎక్కుతం, ముల్లు దించం. 2024లో ప్రభుత్వం కాటమయ్య పేరుతో సేఫ్టీ కిట్లు ఇయ్యడం మొదలుపెట్టినంక మా ఊళ్లో రెండో తాడు అలవాటైంది. స్పైక్స్ ఉన్నా తాడే ప్రాణం అన్నా.

కొత్త_సభ్యుడు:
నడుం బెల్టు ఒకటి ఉంటే చాలదా? రెండు తాళ్లయితే చిక్కులు పడతాయి కదా.

విశాఖ_రంపం:
చాలదు. రంపం ఆడుతున్నప్పుడు మాను చుట్టూ ఉన్న తాడే ముందు తెగే ప్రమాదం ఉంది. లోపల ఉక్కు తీగ ఉన్నది ఒకటి, దానికి సంబంధం లేకుండా రెండోది ఒకటి ఉండాల్సిందే. చిక్కు పడితే ఆగి విప్పుకోండి.

రాజోలు గారూ, అవి ఎండి ఎన్నాళ్లైంది? గొడ్డలి మడమతో మొదలు నుంచి అందినంత ఎత్తు దాకా కొట్టి చూడండి. మెత్తగా, బోలుగా మోగితే ఏ స్పైక్స్ ఉన్నా ఎక్కొద్దు.

రాజోలు_తోట:
ఇప్పుడే కొట్టి చూశాను. రెండు ఖంగున మోగాయి. ఇంటి పక్కదానికి మాత్రం మనిషి ఎత్తులో గొడ్డలి మడమ లోపలికి దిగిపోయింది, పొడి రాలింది.

విశాఖ_రంపం:
దాన్ని క్రేన్‌తోనే తీయించండి, ఖర్చు చూసుకోవద్దు. మిగతా రెండింటికీ ముందు లైన్‌మన్‌తో మాట్లాడి సప్లై ఆపించండి. ఆయన ఎదురుగా ఉండి ఆపానని చెప్పాకే కాలికి స్పైక్స్ కట్టండి.