ఆకులు వాడిపోయిన ఆర్కిడ్, కుండీ మారిస్తే బతుకుతుందా?

కిటికీ పక్క కుర్చీ:
ఆఫీసులో ఒక మూల ఎవరూ పట్టించుకోకుండా పడి ఉన్న ఆర్కిడ్‌ని పారేయబోతుంటే నేను ఇంటికి తెచ్చుకున్నాను. వెడల్పాటి ఆకులు, సీతాకోకచిలుక ఆకారం పూలు పూసే రకం, అంటే ఫలెనాప్సిస్ అనుకుంటా. పూలేం లేవు, ఎండిపోయిన కాడ ఒకటి మిగిలింది. నాలుగు ఆకులూ ముడతలు పడి వేలాడుతున్నాయి, అడుగు ఆకు పసుపు రంగుకి తిరిగింది. పింగాణీ కుండీ, కింద చిల్లు కూడా లేదు. పైన ఎండిన నాచు కప్పి ఉంది కానీ వేలు లోపలికి పెడితే తడిగానే తగులుతోంది. నాకు అర్థం కానిది అదే, లోపల తడి ఉంటే ఆకులు ఎందుకు వాడిపోయాయి? ఒకరేమో నీళ్ళు ఎక్కువయ్యాయంటారు, ఇంకొకరు దాహంతో ఉందంటారు. ఇప్పుడే కుండీ మార్చాలా, కాస్త కోలుకునేదాకా ఆగాలా? మామూలు తోట మట్టి వేస్తే సరిపోతుందా?

వేరు చూసి మాట్లాడు:
చెప్పినవాళ్ళిద్దరూ ఒక రకంగా కరెక్టేనండి. నీళ్ళు ఎక్కువై వేర్లు కుళ్ళిపోయాయి, వేర్లు లేక ఆకులకి నీళ్ళు అందడం లేదు. నీళ్ళు అసలు పోయకపోయినా ఆకులు ఇలాగే ముడతలు పడతాయి, అందుకే ఫలెనాప్సిస్‌లో ఆకు చూసి రోగం చెప్పలేం. కుండీలోంచి బయటికి తీయాల్సిందే.

ఆగడం మాత్రం వద్దు. పూలు రాలాక, కొత్త వేరు మొదలయ్యేటప్పుడు కుండీ మార్చాలి అని అందరూ చెప్పేది ఆరోగ్యంగా ఉన్న మొక్కకి. చిల్లు లేని కుండీలో తడి నాచులో ఉన్నదాన్ని అలాగే ఉంచితే మిగిలిన వేర్లు కూడా పోతాయి.

తోట మట్టి అసలు వద్దు. ఇది అడవిలో చెట్ల కొమ్మల మీద, బెరడుకి అతుక్కుని పెరిగే జాతి, చెట్టు రసం తాగదు, వాన నీళ్ళు పట్టుకుని బతుకుతుంది. వేరు చుట్టూ స్పాంజి లాంటి పొర ఒకటి ఉంటుంది, దాన్ని వెలామెన్ అంటారు. నీళ్ళు తగలగానే పీల్చేసుకుంటుంది, ఆ తర్వాత దానికి గాలి కావాలి. మట్టి ఆ గాలిని మూసేస్తుంది. అందుకే మట్టికి బదులు చెట్టు బెరడు ముక్కలు వేస్తారు, పాతబడితే అవి కూడా ఒకటి రెండేళ్ళకి నలిగి పిండిలా అయిపోయి అదే పని చేస్తాయి.

ఎలా చేయాలంటే, ముందు మొక్కని కాసేపు గోరువెచ్చని నీళ్ళలో పెట్టండి, వేర్లు మెత్తబడితే విరగవు. పాత నాచు మొత్తం తీసేయండి. మధ్యలో, సరిగ్గా మొక్క మొదలు కింద, నాచు ముద్దో చిన్న ప్లాస్టిక్ బుట్టో ఉంటుంది చూడండి, నర్సరీలో పిల్ల మొక్కగా ఉన్నప్పుడు పెట్టింది, చాలామంది దాన్ని వదిలేస్తారు, కుళ్ళు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. తర్వాత ఒక్కో వేరూ వేళ్ళతో నొక్కి చూడండి. గట్టిగా ఉంటే ప్రాణం ఉన్నట్టే, గోధుమ రంగులో ఉన్నా సరే, నాచు లోపల వెలుతురు తగలనివి అలా రంగు మారతాయి. నొక్కగానే మెత్తగా నలిగితే, లేదా పై తొడుగు కరెంటు వైరు తొడుగులా జారిపోయి సన్నటి దారం మిగిలితే అది చచ్చినట్టు, కత్తిరించేయండి. కత్తెరని ముందు మంట మీద కాల్చి చల్లార్చడం మర్చిపోకండి, ఆర్కిడ్ వైరస్‌లు కత్తెర ద్వారా కూడా ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి పోతాయి, వాటికి స్పిరిట్‌తో తుడవడం సరిపోదు.

ఎండిన పూల కాడ తీసేయండి. పసుపు ఆకుని లాగొద్దు, దానంతట అదే రాలుతుంది.

కుండీ చిన్నది తీసుకోండి, మిగిలిన వేర్లు పట్టేంత, అంతే. పారదర్శక ప్లాస్టిక్‌ది అయితే మంచిది. వేర్ల రంగు బయటికి కనిపిస్తుంది, పైగా ఈ వేర్లు ఆకుల్లాగే వెలుతురుతో ఆహారం కూడా తయారు చేసుకుంటాయి.

నీడలో బెరడు:
పైన చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. బెరడు ముక్కలు వేసే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టండి, పొడి బెరడు మొదట్లో నీళ్ళని అసలు పట్టుకోదు, పోసినదంతా కిందికి కారిపోతుంది. బెరడుకి బదులు కొబ్బరి చిప్స్ (కొబ్బరి డొక్క ముక్కలు) వాడేట్టయితే ఇంకా బాగా కడగాలి, ఉప్పు ఉంటుంది.

వేర్లు కోసిన చోట దాల్చిన చెక్క పొడి రాయమని ఎవరో ఒకరు చెప్తారు. రాస్తే కోసిన అంచుకి మాత్రమే, చిటికెడు. వేరంతా చల్లితే బాగున్న వేరు కూడా ఎండిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ పోసి నురగ చూసి కుళ్ళు పోతోంది అని సంబరపడే వీడియోలు కూడా ఉంటాయి, ఆ నురగ ప్రాణం ఉన్న కణాలు తగిలినా వస్తుంది. నా మటుకు నాకు రెండూ అనవసరమే, శుభ్రమైన కత్తెర, గాలి చాలు.

కిటికీ పక్క కుర్చీ:
తీసి చూశానండి. లోపలంతా నల్లటి ముద్ద, వాసన కూడా వస్తోంది. మీరు చెప్పిన ప్లాస్టిక్ బుట్ట నిజంగానే ఉంది! కుళ్ళినవన్నీ తీసేశాక గట్టి వేర్లు రెండో మూడో మిగిలాయి, అవి కూడా పొట్టివి. మధ్యలో ఉన్న లేత ఆకు మాత్రం ఆకుపచ్చగా, గట్టిగా ఉంది. ఈ కాసిన్ని వేర్లతో బెరడులో నిలబడుతుందా? వెంటనే నీళ్ళు పోయాలా?

వేరు చూసి మాట్లాడు:
మధ్య ఆకు గట్టిగా ఉండడమే అసలు శుభవార్త. ఫలెనాప్సిస్‌కి పెరిగే చోటు అదొక్కటే, అక్కడ నల్లబడి ఆకు చేతికి ఊడి వచ్చిందంటే పై నుంచి ఇక ఎదగదు, అడుగు నుంచి పిల్ల వస్తుందేమో అని ఎదురుచూడడమే. అందుకే ఆకుల మధ్య గుంటలో నీళ్ళు నిలవనివ్వకండి, నిలిస్తే టిష్యూతో అద్దేయండి.

ఇంత తక్కువ వేర్లు ఉంటే నేనైతే బెరడు జోలికి ఇప్పుడే పోను. స్ఫాగ్నమ్ నాచుని (ఆర్కిడ్‌ల కోసం ఎండబెట్టి అమ్మే నాచు) తడిపి, చుక్క కూడా కారనంతగా పిండి, చిన్న చిల్లుల కుండీలో వదులుగా పెట్టి అందులో ఉంచుతాను. నాచుని కూరితే మళ్ళీ కథ మొదటికొస్తుంది. మొక్క ఊగకుండా పుల్లకి కట్టండి, ఊగితే కొత్త వేరు కొస విరిగిపోతుంది.

నీడలో బెరడు:
నాచు సంగతి ఒప్పుకుంటాను, కానీ పైపైన ఆరేదాకా మళ్ళీ తడపకూడదు. నాచులో ఎక్కువ నీళ్ళు పోసేవాళ్ళే ఎక్కువ. చెయ్యి ఆగదు అనుకుంటే చిన్న సైజు బెరడే మేలు, తరచుగా తడిపినా పెద్దగా ప్రమాదం లేదు. వేర్లు ఇప్పుడే కోశారు కాబట్టి రెండు మూడు రోజులు కొత్తగా నీళ్ళు పోయకండి, కోసిన చోటు ఆరనివ్వండి, నాచులో ఉన్న చెమ్మ చాలు.

ఆకులు ఇంకా వాడిపోతుంటే మొక్క మొత్తాన్ని పారదర్శక కవరులో పెట్టి మూతి వదులుగా మూయండి. లోపల గాలిలో తేమ పెరిగి ఆకుల నుంచి నీళ్ళు పోవడం తగ్గుతుంది. నేరుగా ఎండ పడే చోట మాత్రం పెట్టొద్దు, కవరులో మొక్క ఉడికిపోతుంది. మధ్యమధ్యలో తెరిచి గాలి ఆడనివ్వండి.

కిటికీ పక్క కుర్చీ:
సరే, నాచులోనే పెడతాను. ఎరువు ఏదైనా వేస్తే త్వరగా కోలుకుంటుందా? పూలు ఎప్పటికి రావచ్చు?

వేరు చూసి మాట్లాడు:
ఎరువు ఇప్పుడు వద్దు. తాగడానికే వేర్లు లేవు, ఉన్న రెండింటిని ఉప్పుతో కాల్చేస్తారు. ఆకుపచ్చ గానీ ఎర్రటి గానీ కొసతో కొత్త వేరు బయటపడ్డాక, ప్యాకెట్ మీద రాసినదాంట్లో పావు వంతు కలిపి వేయండి. పాత ఆకుల ముడతలు పూర్తిగా పోకపోవచ్చు, దానికి టెన్షన్ పడకండి, కొత్త వేరు, కొత్త ఆకు వస్తున్నాయా అన్నది చూసుకోండి.

పూల విషయం ఒక ఏడాది మర్చిపోండి, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. మొక్క బలంగా తయారయ్యాక రాత్రి వేడి 18 డిగ్రీల లోపుకి కొన్ని వారాలు దిగితే కాడ వేస్తుంది. అప్పటిదాకా వెలుతురు బాగా ఉండి మధ్యాహ్నం ఎండ తగలని కిటికీ చాలు. ఈలోగా ఆకుల అడుగున, మొక్క మొదలు దగ్గర తెల్లటి దూది లాంటిది కనిపిస్తే అది పిండినల్లి పురుగు, స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో వెంటనే తుడిచేయండి, ఆఫీసులో దీని పక్కన వేరే మొక్కలు ఉండి ఉంటే మరీ జాగ్రత్తగా చూడండి.