తాడోబా సఫారీలో పులికి ఎంత దగ్గరికి పోవచ్చు?

బల్లార్షావాసి:
మొన్న ఆదివారం మా బావ పిల్లల్ని తీస్కొని చంద్రాపూర్ దిక్కు తాడోబా పులుల అడవికి, మొహర్లి గేటు నుంచి సఫారీకి పోయినం. ఆడపులి రోడ్డు దాటుదామని గడ్డిల నుంచి బయటికొచ్చింది, అటు నాలుగు సఫారీ జిప్సీ బండ్లు, ఇటు ఐదు. ఒక అడుగు ముందుకేస్తది, ఆగుతది, చెవులు వెనక్కి పెట్టి మళ్ల గడ్డిలకే పోతది. మూడుసార్లు అట్లనే. బండి వెనక్కి తియ్యి భాయ్ అంటే వెనకోడు జరిగితే కద అన్నడు మా డ్రైవర్. పులికి 50 మీటర్ల దూరం ఉండాలని రూల్ ఉంది, ఒక్కడు పాటించడు. 2024 డిసెంబర్ 31న నాగపూర్ దగ్గరి ఉమ్రేడ్ కర్హాండ్లా అడవిల ఎఫ్2 అనే ఆడపులినీ దాని ఐదు పిల్లల్నీ ఇట్లనే రెండు దిక్కుల బండ్లు పెట్టి ఆపితే బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి తనంతట తనే కేసు తీస్కుంది. అయినా మారలే. సఫారీలు బంద్ చెయ్యాలె.

మొహర్లి జిప్సీ:
50 కాదన్నా, 20. జంతువుకు బండికి 20, బండికి బండికి 50. తెలుసుకొని రాయండి.

బల్లార్షావాసి:
సరే 20. మరి బండికి బండికి 50 ఉంటే పులికి సందు దొరికేది కద? బంపర్లు ఆనిచ్చి పెట్టిన్రు, నా కండ్లతో చూసిన.

రాజురా చారి:
20 అయినా 50 అయినా అక్కడ టేపు పట్టేదెవరు

మొహర్లి జిప్సీ:
అన్నా పదకొండేండ్ల నుంచి నడుపుతున్న. నేను దూరంగ ఆపితే వెనక కూసున్నోళ్లు ఊకుంటరా? హైదరాబాద్ నుంచి వచ్చినం, ఇంత పైసలు కట్టినం, ముందుకు పోనియ్యి అని భుజం మీద కొడతరు. కేసు అయితే సస్పెండ్ అయ్యేది డ్రైవరు, గైడు. వాళ్లు ఫోటోలు పట్టుకొని ఇంటికి పోతరు. బంద్ చెయ్యాలె అనుడు అల్కగుంటది, మా ఊర్ల సగం ఇండ్లు గీ బండ్ల మీదనే నడుస్తయి.

గోండ్‌పిప్రి బిడ్డ:
మీ మీటర్ల లెక్క నాకు తెల్వది. పోయిన మేలో మా చిన్నమ్మను తునికాకు కాడ పులి చంపింది. మీ బండ్లకు అలవాటు పడి వాటికి మనిషంటే భయం పోయింది.

మొహర్లి జిప్సీ:
అక్కా మీ బాధ పెద్దది, కాని మీ ఊరి దిక్కు మా బండ్లు రావు. మమ్మల్ని ఎందుకంటరు? పులికి జిప్సీ అంటే ఒక పెద్ద వస్తువు, అండ్ల మనుషుల్ని వేరుగ చూడదు. 2021 నవంబర్‌లో తాడోబాలనే కొలారా రేంజ్‌లో ఫారెస్ట్ గార్డు మేడంను చంపింది మాయ, రోజూ బండ్లను చూసే పులే. ఆమె పులుల లెక్కల పని మీద నడుసుకుంట పోతుండె.

గోండ్‌పిప్రి బిడ్డ:
నేను చెప్పేది గదే కద తమ్ముడూ! బండిల ఉన్నోనికి ఏం కాదు, నడిచేటోడు చస్తడు. 2025 మే 10న సిందేవాహి దిక్కు ఒక్క రోజే ముగ్గురు ఆడోళ్లు పోయిన్రు, వాళ్లూ తునికాకుకు పోయినోళ్లే. పులి దగ్గరికి పోనీకి మీకు టికెట్ ఇస్తరు, మాకేమో అడవికి పోవద్దని చాటింపు. పోకుంటే ఆకు కొనే కల్లంల మా కట్టలు ఎవరు ఇస్తరు, బడి తెరిచినప్పుడు పిల్లలకు ఏం కొనాలె? పోయినోళ్లకు 25 లక్షలు ఇస్తరు అంటరు, మా చిన్నాయన ఒక్క కాగితం కోసం ఆఫీసుకు ఎన్నిసార్లు తిరిగిండో నాకు తెలుసు. సఫారీ పైసలల్ల మా ఊరికి ఒక్క రూపాయి వచ్చిందా చెప్పు.

రాజురా చారి:
ఇది అసలు మాట. దూరం గురించి కాదు

బల్లార్షావాసి:
అక్కా, నేను పులి గురించే ఆలోచించిన, మీ గురించి రాయలే. అయినా దారికి అడ్డం పెట్టుడు తప్పే, ఆ మాట మీద ఉంట.

మొహర్లి జిప్సీ:
తప్పే, ఒప్పుకుంటున్న. రేపటి నుంచి నా బండి అడ్డం ఉండదు, ఎవడు భుజం మీద కొట్టినా సరే. అక్కా, గేటు పైసలు మా ఊరి కమిటీకి వస్తయి, మీ ఊరికి రావు, అది నిజం. మా అమ్మ కూడ తునికాకుకు పోతది.

గోండ్‌పిప్రి బిడ్డ:
అయితే అమ్మను ఒక్కదాన్ని పంపకు. వంగి తెంపుతుంటే వెనక ఒకరు నిలబడి చూడాలె, వంగిన మనిషి దానికి మేకలెక్క కనిపిస్తదట. మా చిన్నమ్మ వెనక ఎవ్వరు లేకుండె. సద్ది గిన్నె మూత కూడ తియ్యలే.