స్క్రూజ్‌ని మార్చింది ఏ దెయ్యం? చావు భయమేనా?

పాతపుస్తకాలపిచ్చి:
ఇంగ్లీషు రచయిత డికెన్స్ 1843లో రాసిన 'ఎ క్రిస్మస్ క్యారల్' మళ్ళీ చదివాను. స్క్రూజ్ అనే పిసినారి ముసలి వ్యాపారికి క్రిస్మస్ వేళ మూడు దెయ్యాలు వరసగా వచ్చి అతని గతం, వర్తమానం, రాబోయే రోజులు చూపిస్తే, తెల్లారేసరికి మంచివాడైపోయే కథ. సూటిగా చెప్పేస్తా, స్క్రూజ్ మారలేదు, జడుసుకున్నాడు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి, చలికి వణికే గుమాస్తాని ఒక్క బొగ్గు ముక్క అదనంగా వేసుకోనివ్వనివాడు, నల్ల ముసుగులో నోరు మెదపని ఆ మూడో దెయ్యం వేలు చాపి సమాధి మీద తన పేరే చూపించేసరికి కాళ్ళబేరానికి వచ్చాడు. అది రాకపోయుంటే మర్నాడు మామూలుగా లెక్కల పుస్తకం తెరిచేవాడే.

రాత్రిబండి:
సమాధి దాకా వెళ్ళకముందు జరిగిందంతా వదిలేశారే! మొదటి దెయ్యం చిన్నప్పటి బడికి తీసుకెళ్తే, సెలవులకి అందరూ ఇళ్ళకి పోయాక ఒక్కడే మిగిలిన పిల్లాడిగా తనని తాను చూసుకుని ఏడుస్తాడు, ఏడుస్తూనే ముందు రాత్రి తన గుమ్మంలో పాట పాడబోతే తరిమేసిన కుర్రాడు గుర్తొచ్చి వాడికి ఏదైనా ఇచ్చుంటే బాగుండేది అనుకుంటాడు. అప్పటికి చావు ఊసే లేదు కదండీ. రెండో దెయ్యంతో ఉన్నప్పుడు, గుమాస్తా బాబ్ క్రాచిట్ జబ్బు కొడుకు టైనీ టిమ్ బతుకుతాడా అని తనంతట తనే అడుగుతాడు. మూడోదానితో అయితే నీ వెంట రావడానికి సిద్ధం అనే అన్నాడు.

పాతపుస్తకాలపిచ్చి:
సిద్ధమైతే దుప్పటి ఎందుకు ఎత్తలేదు? మూడో దెయ్యం చూపించిన చీకటి గది, మంచం మీద శవం, పైన చిరుగుల దుప్పటి. వేలితో కాస్త కదిపితే చాలు మొహం కనబడుతుంది. ఎత్తాలని ఉంది, నా వల్ల కాదు అంటాడు. ఆ శవం ఎవరిదో లోపల తెలుసు కాబట్టే.

గోడమీదపిల్లి:
ఆ సీన్ దగ్గర నాకూ ఒళ్ళు జలదరిస్తుంది, సమాధి దగ్గర కాదు. కానీ మీరిద్దరూ రెండో దెయ్యం అంగీ కింద నక్కిన ఇద్దరు పిల్లల్ని మర్చిపోయారు, అజ్ఞానం ఒకరు, లేమి ఒకరు. వీళ్ళకి దిక్కెవరూ లేరా అని స్క్రూజ్ అడిగితే, "జైళ్ళు లేవా, వర్క్‌హౌసులు లేవా" అని, పేదల కోసం చందాకి వచ్చినవాళ్ళతో అతనన్న మాటే ఆ దెయ్యం తిప్పికొడుతుంది. వర్క్‌హౌస్ అంటే తిండీ నీడా కోసం పేదలు చాకిరీ చేయాల్సిన చోటు. 1834లో పేదల సాయం మీద చట్టం వచ్చాక ఇంగ్లండులో పేదవాడికి సాయం అంటే ఆ వర్క్‌హౌసే అన్నట్టు తయారైంది. బాల కార్మికుల మీద వచ్చిన ప్రభుత్వ నివేదిక చదివి డికెన్స్ ముందు కరపత్రం వేద్దామనుకున్నాడు, అది మానేసి ఈ కథ రాశాడు. దీన్ని ఒక ముసలాడి చావు భయం కిందకి దించేస్తే ఎలా?

రాత్రిబండి:
అదీ! ఇంకోటి కూడా చూడండి. దిక్కులేని చావుకి భయపడినవాడైతే బాబ్ క్రాచిట్ ఇంటికి అంత పెద్ద టర్కీ కోడిని, ఎవరు పంపారో తెలియనివ్వకుండా ఎందుకు పంపుతాడు? రేపు నా శవం దగ్గర నలుగురు ఏడవాలి అనుకునేవాడు ముందు తన పేరు చెప్పుకుంటాడు. చందా పెద్దమనిషికి కూడా అంకె చెవిలోనే చెప్పాడు, పాత బాకీలు కూడా ఇందులోనే కలిపానన్నాడు.

పాతపుస్తకాలపిచ్చి:
టర్కీ పాయింట్ గట్టిదే, కాదనను. అయితే ఆ టర్కీ కంటే ముందు, నిద్ర లేవగానే, అతను పట్టుకున్నది మంచం తెరల్ని. మూడో దెయ్యం చూపించిన దాంట్లో, తను చచ్చాక పనిమనిషి రింగులతో సహా పీక్కుపోయి అమ్ముకున్న తెరలు అవే, ఇంకా ఉన్నాయని చూసుకున్నాకే మిగతా సంబరమంతా. దానికేమంటారు?