నిషి కసాయ్‌కి కొత్తగా వచ్చాను: చిన్న రామెన్ హోటల్లో భోజనం గురించి సలహా కావాలి

అందరికీ నమస్కారం. ఉద్యోగరీత్యా ఈ మధ్యే టోక్యో వచ్చి నిషి కసాయ్‌లో ఉంటున్నాను. మా వీధిలో పట్టుమని పది కుర్చీలు కూడా లేని రామెన్ (సూప్‌లో వేసిన నూడుల్స్) హోటల్ ఒకటి ఉంది. అక్కడి పద్ధతులు తెలియక లోపలికి వెళ్ళడానికి సంకోచిస్తున్నాను. కోడి, చేప తింటాను కానీ పంది, గొడ్డు మాంసం తినను. అనుభవజ్ఞులు చెప్పగలరని మనవి.

జవాబు 1:
నమస్కారమండీ. ముందుగా మాంసం సంగతి తేల్చుకోండి. మిగిలినవన్నీ ఒక్కసారి చూస్తే అలవడేవే. తోన్‌కోత్సు అంటే పంది ఎముకలను గంటల తరబడి మరిగించి తీసిన సూప్ కనుక అది మీకు పనికిరాదు. షోయు, షియో, మిసో అనే పేర్లు సూప్‌లో కలిపే సోయా సాస్, ఉప్పు, సోయా ముద్దలను మాత్రమే సూచిస్తాయి. అడుగున ఉన్న సూప్ కోడిదో, పందిదో, ఎండుచేపలదో వాటిని బట్టి తెలియదు. తోరి పైతాన్ కోడి సూపే అయినా, పైన వేసే చాషు ముక్కలు చాలాచోట్ల పంది మాంసమే. కాబట్టి పంది మాంసం, ఎముకలు, కొవ్వు ఉన్నాయా అనే ప్రశ్నను జపనీస్‌లో ఫోన్‌లో రాసి ఉంచుకొని, భోజనం టికెట్ కొనకముందే చూపించండి. పన్నెండు దాటితే ఆఫీసుల జనం వస్తారు, అప్పుడు వంటవాడికి మీ ప్రశ్న చదివే తీరిక ఉండదు. తలుపు తెరిచిన వెంటనే వెళ్ళడం మంచిది.

చాలా హోటళ్ళలో గుమ్మం పక్కనే టికెట్ యంత్రం ఉంటుంది. మన టిఫిన్ సెంటర్లో టోకెన్ తీసుకున్నట్టే, ముందు డబ్బు వేసి, తర్వాత బటన్ నొక్కి, వచ్చిన చీటీని కౌంటర్ మీద పెట్టాలి. కార్డు తీసుకోని యంత్రాలు ఇంకా ఉన్నాయి. పైగా 2024 జూలైలో కొత్త నోట్లు వచ్చినా, ఖర్చుకు వెరచి పాత యంత్రాన్నే నడుపుతున్న చిన్న హోటళ్ళు కొన్ని ఉన్నాయి కాబట్టి పాత వెయ్యి యెన్‌ల నోటో, నాణేలో దగ్గర ఉంచుకోండి. ఏది ఎంచుకోవాలో తోచకపోతే ఎడమవైపు పై మూలన ఉన్న బటన్ నొక్కండి. సాధారణంగా ఆ హోటల్ ప్రత్యేక వంటకం అక్కడే ఉంటుంది.

గిన్నె రాగానే తినడం మొదలుపెట్టండి, ఆలస్యమైతే నూడుల్స్ మెత్తబడిపోతాయి. జుర్రిన శబ్దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కుర్చీలు అంత తక్కువగా ఉన్నచోట యజమాని రాబడి అంతా ఒకరు లేచి మరొకరు కూర్చోవడం మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, తిన్నాక కబుర్లకు కూర్చోవడం, ఇద్దరు కలిసి ఒక్క గిన్నె పంచుకోవడం అక్కడ నచ్చవు. గిన్నెను కౌంటర్ పై అరుగు మీద పెట్టి, “గొచిసోసమా దెషిత” (భోజనానికి కృతజ్ఞతలు) అని చెప్పి లేవండి. టిప్పు ఇవ్వనక్కరలేదు.

జవాబు 2:
పై సలహాలతో ఏకీభవిస్తూనే ఒక్క విషయంలో హెచ్చరిక: తోన్‌కోత్సు హోటల్ అయితే ఎడమ మూల బటన్ నొక్కితే వచ్చేది కచ్చితంగా పంది సూపే, అందువల్ల ఆ సూత్రం మీకు వర్తించదు. మీ ఇంట్లో శాకాహారులు ఉంటే ఇలాంటి చోటికి తీసుకువెళ్ళకండి. కూరగాయల రామెన్ అన్నదానిలోనూ సూప్ మాంసానిదే కావచ్చు. వారికి టోక్యో స్టేషన్‌లోని టీస్ టాన్‌టాన్ అనే రామెన్ హోటల్ నయం, అక్కడ అంతా వీగన్ (మాంసం, చేప, గుడ్లు, పాలు ఏవీ వాడరు). అయితే అది జేఆర్ (జపాన్ రైల్వే) టికెట్ గేట్ల లోపల ఉంటుంది కనుక, రైలు ప్రయాణం ఉన్న రోజునే పెట్టుకోండి.